బల్లి లోపల మా బావ

మొదటి బల్లి సినిమాలో మా బావను చూసి ప్యాంట్లు తడుపుకున్నవాళ్ళున్నారు. అబద్ధం కాదు. వాళ్ళలో ఒకడు నా సెలూనుకే వచ్చేవాడు. గడ్డం గీయించుకుంటూ గోడ మీద మామూలు బల్లి కనబడితే చాలు, కుర్చీలోంచి సగం లేచేవాడు. మెడ మీద కత్తి ఉందన్న ధ్యాస కూడా ఉండేది కాదు. తనను అంత హడలగొట్టిన మనిషి పక్కనే బెంచీ మీద కాళ్ళూపుకుంటూ పేపరు చదువుతున్నాడని పాపం వాడికి తెలియదు. మా బావ పేపరు చాటు నుంచి నాకేసి చూసి కన్ను కొట్టేవాడు.

మా బావ అంటే మా అక్క మొగుడు. స్టూడియోలో తొడుగులు వేసుకునే పని ఆయనది. ఎలుగుబంటి కావాలన్నా, గొరిల్లా కావాలన్నా, నడిచే చెట్టు కావాలన్నా ఆయన్నే పిలిచేవాళ్ళు. ఒకసారి గుర్రానికి వెనక కాళ్ళు కూడా అయ్యాడు. "ముందు కాళ్ళవాడు కనీసం తలైనా ఊపుతాడు, నీకు అదీ లేదు కదా బావా" అని నేను ఏడిపిస్తే, "గుర్రం పరుగెత్తేది వెనక కాళ్ళతోనేరా పిచ్చిమొహమా" అనేవాడు. పెళ్ళయిన కొత్తలో మా అక్క ఆయన సినిమాలన్నీ వరసపెట్టి చూసింది. ఒక్కదాంట్లోనూ మొగుడు కనబడలేదు. ఈయన నిజంగా నటుడేనా, లేక స్టూడియో గేటు దగ్గర కాపలా ఉంటాడా అని నన్ను చాటుకు పిలిచి అడిగింది.

అలా కనబడకుండా ఉండటానికి చేయాల్సిన పని మాత్రం నాది. రబ్బరు తొడుగును మెడ దగ్గరా ఛాతీ దగ్గరా జిగురుతో ఒంటికి అంటిస్తారు. వెంట్రుకలుంటే సాయంత్రం ఊడదీసేటప్పుడు చర్మంతో సహా లేచొస్తాయి. అందుకని ప్రతి షూటింగుకు ముందు ఆయనకు తల, కనుబొమలు, ఛాతీ, వీపు అన్నీ నున్నగా గీసేవాణ్ణి. కనుబొమలు లేని మా బావ ఉడకబెట్టి వొలిచిన గుడ్డులా ఉండేవాడు. ఆ అవతారంతోనే బజారుకెళ్ళి కూరగాయలు బేరమాడేవాడు. ఎవరేమనుకున్నా పట్టేది కాదు.

ఒక్క కోరిక మాత్రం ఉండేది. తెర మీద తన మొహం ఒక్కసారి పడాలని. ఇది ఆయన పైకి అనేవాడు కాదు. నేను నురగ పూస్తున్నప్పుడు అద్దంలో తనను తాను చూసుకునే తీరులో తెలిసిపోయేది. ఎడమ పక్క నుంచి ఒకసారి, కుడి పక్క నుంచి ఒకసారి చూసుకుని, "మరీ అంత తీసేసే మొహమేం కాదు, ఏమంటావ్?" అనేవాడు. తీసేసేదేనని నేననేవాణ్ణి. బావమరిదిని, ఇంకేమంటాను!

ఇక 'పెద్దబల్లి' సంగతి. మనిషంత బల్లి ఒకటి పాత అపార్టుమెంటులో చేరి, ఒక్కో ఇంటివాళ్ళనే మింగేసే కథ. ఆ వేషం కోసం బావ తన అద్దింటి వంటగదిలో నేల మీద వెల్లకిలా పడుకుని గోడ మీది బల్లులను చూసేవాడు. మా అక్క ఆయన మీద నుంచి దాటుకుంటూ వంట చేసుకునేది. అలా చూసీ చూసీ చివరికి ఒక సంగతి కనిపెట్టాడు. "బల్లి కదిలినప్పుడు ఎవడూ భయపడడురా. కదలనప్పుడే భయం. అది ఎంతసేపు కదలకుండా ఉంటే మనకి అంత గుబులు." సినిమాలో జనం కెవ్వుమన్న చోటు అదే. కింద ఒక కుటుంబం భోజనం చేస్తూ ఉంటుంది, పైన దూలాన్ని కరుచుకుని బల్లి ఉంటుంది. అది ఏమీ చేయదు. గొంతు కింది సంచి మాత్రం మెల్లగా ఎగసి పడుతూ ఉంటుంది. ఆ సంచిని కదిలించింది మా బావ ఊపిరి.

ఆ తొడుగులో ఊపిరి తీసుకోవడమే పెద్ద పని. తల విడిగా ఉంటుంది, మెడ కింద కొక్కేలతో బిగిస్తారు. చేతులకు పెద్ద పెద్ద రబ్బరు వేళ్ళు కాబట్టి లోపలివాడు ఆ కొక్కేలు తనంతట తాను తీసుకోలేడు. అరిచినా స్పాంజీ మింగేస్తుంది, బయటికి వినబడదు. అందుకని తొడుగులు కుట్టే ఆవిడ, స్టూడియోలో అందరూ సూదక్క అంటారు, బావతో ఒక ఒప్పందం పెట్టుకుంది. తోక చివర లోపల చెక్కముక్క ఒకటి కుట్టింది. ఊపిరాడకపోతే తోకతో నేల మీద రెండుసార్లు కొట్టాలి. ఠప్, ఠప్. ఆ చప్పుడు వినబడితే కెమెరా తిరుగుతున్నా సరే, ఎవరి షాటు పాడైనా సరే, సూదక్క పరుగెత్తుకెళ్ళి తల ఊడదీస్తుంది. మొదటి సినిమా మొత్తం ఆమె కళ్ళు ఆ తోక మీదే ఉన్నాయి. మూతి వైపు చూసిన పాపాన పోలేదు.

సినిమా ఆడింది. అలా ఇలా కాదు. కానీ నిర్మాతలు ఏం చేశారో చూడండి. ఆ బల్లి విదేశాల నుంచి తెప్పించిన యంత్రమని పేపర్లలో వేయించారు. లోపల మనిషున్నాడంటే జనం తేలిగ్గా తీసుకుంటారట, ఎక్కడా నోరు మెదపొద్దని బావకు చెప్పారు. ఆయన బుద్ధిగా తలూపాడు. కానీ ఇంట్లో కూతురి దగ్గర ఎంతకాలమని నోరు కట్టుకుంటాడు? ఒకరోజు చెప్పేశాడు. అది స్కూల్లో చెప్పింది. పిల్లలంతా చుట్టూ మూగి, "మీ నాన్న యంత్రమా?" అని ఏడిపించారట. టీచరు కూడా నవ్విందట.

అది ఏడ్చుకుంటూ నేరుగా నా సెలూనుకొచ్చింది. "మామయ్యా, నాన్న అబద్ధాలకోరు కదా?" అంది. బెంచీ మీద వాళ్ళ నాన్న ఉన్నాడు, పేపరు చాటున. పేపరు దించలేదు. నాకు ఒళ్ళు మండి, "కాదే, మీ నాన్నే బల్లి" అన్నాను. అది నన్ను కూడా అబద్ధాలకోరుల్లో కలిపేసి వెళ్ళిపోయింది.

ఆ రోజు నుంచి ఆయన కోరిక ముదిరింది. ఇదివరకు తన ముచ్చట కోసం మొహం పడాలనుకునేవాడు. ఇప్పుడు కూతురి కోసం పడాలి. ఆ పిల్ల థియేటర్లో కూర్చుని చూస్తుంటే, తెర మీద బల్లి తల ఊడితే లోపల నాన్న కనబడాలి. కత్తి పదును పెడుతుంటే పక్కన నిలబడి ఇదంతా నాకు కథలా చెప్పాడు. వినడానికి బాగానే ఉందన్నాను.

కొన్నేళ్ళకు రెండో భాగం మొదలైంది. 'మళ్ళీ పెద్దబల్లి'. ఈసారి డైరెక్టరు వేరు. ఆయన అంతకు ముందు పిల్లల కార్టూన్లు తీసేవాడు. ఎప్పుడూ నవ్వు మొహమే. నవ్వుతూనే అందరినీ నిలబెట్టి దులిపేస్తాడని సూదక్క చెప్పింది. మొదటిరోజే అందరినీ కూర్చోబెట్టి చెప్పాడట. "జనం ఇప్పుడు బల్లికి భయపడరు. అప్పట్లో భయపడినందుకు తమని చూసి తామే నవ్వుకుంటారు. వాళ్ళకంటే ముందు మన బల్లిని మనమే వెక్కిరించాలి."

వెక్కిరించడమంటే ఏమిటో బావ వచ్చి చెప్పాడు. బల్లి అరటితొక్క మీద జారి పడుతుంది. భయం వేస్తే దాని కళ్ళు స్ప్రింగుల మీద బయటికి దూకుతాయి. నాలుక చాపి పోలీసాయన టోపీ లాక్కుని, అది గొంతుకడ్డం పడి ఎక్కిళ్ళు పెడుతుంది. అన్నిటికంటే మించి, ఎవరైనా గదిమితే చాలు దాని తోక ఊడి కింద పడి, తనంతట తాను గంతులేస్తుంది.

"బల్లి జారదు సార్ అన్నానురా" అన్నాడు బావ. కుర్చీలో కూర్చున్నాడేగాని మెడ నిలపడం లేదు, నా కత్తికి ఎక్కడ తెగుతుందోనని నా భయం నాది. "గోడలెక్కే జంతువు నేల మీద జారుతుందా? చెప్పు. జారితేనే కదయ్యా నవ్వు అన్నాడా డైరెక్టరు. ఇంతకాలం నేను కష్టపడి నేర్చుకున్నదంతా ఎందుకు మరి? నేను చెయ్యనని చెప్పి వచ్చేశా."

మర్నాడు మళ్ళీ వచ్చాడు. ఈసారి మెడ నిటారుగా ఉంది. "పూర్తిగా గీసెయ్" అన్నాడు. డైరెక్టరు ఆయన్ను పక్కకు పిలిచి భుజం మీద చెయ్యేసి చెప్పాడట. ఆఖరి సీనులో బల్లి పిండి గిడ్డంగిలో దూరుతుంది, అక్కడొక బామ్మ చీపురు తీసుకుని దాన్ని చితక్కొడుతుంది, తోక ఊడుతుంది, బల్లి పిండి తొట్టిలో పడుతుంది, బామ్మ దాని తల పట్టుకుని లాగేస్తుంది. లాగేస్తే లోపల బావ. పిండి కొట్టుకుపోయిన మొహంతో, దణ్ణం పెడుతూ, "కొట్టకండి బామ్మగారూ, నేను మనిషినే!" అంటాడు. సినిమా అయిపోతుంది. మొహం తెర నిండా.

మా బావ ఇంత తేలిగ్గా అమ్ముడుపోతాడని నాకు ఆ రోజే తెలిసింది. నాలుగు మాటలకు ఆయన అరటితొక్కలన్నీ మర్చిపోయాడు. ఇక నా సెలూన్లో అద్దం నాది కాదు. "కొట్టకండి బామ్మగారూ" అని బతిమాలినట్టు ఒకసారి, "నేను మనిషినే" అని కోపంగా ఒకసారి, ఏడుపుగొట్టుగా ఇంకోసారి. గడ్డాలకొచ్చినవాళ్ళు కూడా తలా ఒక సలహా ఇచ్చేవాళ్ళు. 'మనిషినే' అన్న దగ్గర కొంచెం ఆగమని ఒకడు, ఆగొద్దని ఇంకొకడు. ఇంట్లో అద్దం లేదా అని నేను కసిరితే, ఇంట్లో చేస్తే పిల్లకు తెలిసిపోతుందని, దానికి ముందే తెలియకూడదని అన్నాడు.

షూటింగు జరిగింది. స్ప్రింగు కళ్ళ మోటారూ, చుట్ట చుట్టిన నాలుకా అన్నీ తలలోనే పెట్టారు కాబట్టి, ఇదివరకు గాలి వచ్చే సందుల్లో సగం మూసుకుపోయాయి. బావ ఈ ముక్క నాతో అన్నాడేగాని స్టూడియోలో అనలేదు. అంటే ఆఖరి సీనులో వేరెవరినైనా పెడతారేమోనని భయం. తోక ఊడిపోయాక ఒప్పందం సంగతేమిటని నేను అడగలేదు, ఆయనకు తోచలేదు, సూదక్కకూ తోచలేదు. తోక ఊడటమే అందరికీ వినోదంగా ఉంది. ఇక ఆ తోకతో ఏం పని పడుతుందన్న ఊహ ఎవరికీ రాలేదు.

ఆఖరి సీను రోజు ఏం జరిగిందో సూదక్క నాకు చెప్పింది. చెబుతున్నంతసేపూ చీర కొంగు నోట్లో కుక్కుకుంటూనే ఉంది. మొదటి టేకులో బామ్మ చీపురుతో కొట్టగానే తోక ఊడింది. ఊడిన తోకకు సన్నటి తీగలు కట్టి, దూరంగా కూర్చుని ఒకడు లాగుతాడు. వాడు హుషారుగా లాగేసరికి తోక నేల మీద ఠప్, ఠప్ మంది. సూదక్క ఇన్నేళ్ళ అలవాటు కొద్దీ ముందూ వెనకా చూడకుండా పరుగెత్తుకెళ్ళి బల్లి తల ఊడదీసింది. లోపల బావ నిక్షేపంగా ఉన్నాడు. "ఏంటక్కా?" అన్నాడట.

డైరెక్టరు నవ్వుతూనే వచ్చాడు. "అమ్మా, తమరు ఈ సినిమాలో వేషమేమైనా వేస్తున్నారా? లేదు కదా. నేను కట్ అనే లోపల ఫ్రేములోకి ఎవరైనా అడుగు పెట్టారో, రేపటి నుంచి గేటు బయట బొత్తాలు కుట్టుకుంటారు." అందరూ నవ్వారు. బావ కూడా నవ్వాడట. తన సీను మళ్ళీ తీస్తున్నారు కదా, ఆ సంబరంలో ఉన్నాడు. సూదక్క వెళ్ళి గోడకానుకుని నిలబడింది.

రెండో టేకు. చీపురు దెబ్బలు, ఊడిన తోక, పిండి తొట్టి. పెద్ద పెద్ద ఫ్యాన్లు పెట్టి మైదాపిండి లేపారు. ఆ పిండి ముక్కు జాలీలోకీ గొంతు జాలీలోకీ వెళ్ళి, లోపలి చెమటకు తడిసి, ముద్ద కట్టింది. తొట్టిలో బల్లి కాళ్ళూ చేతులూ కొట్టుకోవడం మొదలుపెట్టింది. రబ్బరు వేళ్ళతో మెడ పట్టుకుంది, తొట్టి అంచు పట్టుకుంది, జారింది, మళ్ళీ పట్టుకుంది. స్ప్రింగు కళ్ళు రెండూ బయటికొచ్చి ఊగాయి. యూనిట్లో అందరికీ నవ్వాగలేదు. డైరెక్టరు రుమాలు నోట్లో కుక్కుకున్నాడు. బామ్మ వేషం వేసినావిడ పాత కాలపు నటి, జనం నవ్వుతుంటే ఆగే మనిషి కాదు, తన సొంతంగా ఇంకో నాలుగు దెబ్బలు తగిలించింది. అవతల తోక మాత్రం తీగల మీద హాయిగా గంతులేస్తోంది. ఠప్, ఠప్. సూదక్క దాన్నే చూస్తూ నిలబడింది.

కాసేపటికి బల్లి కదలడం మానేసింది. "చూశావా, పాత పద్ధతి వదల్లేదు, ఏం నటిస్తున్నాడయ్యా!" అన్నాడట డైరెక్టరు, పక్కనున్నవాడి చెవిలో. కెమెరాను ఇంకా దగ్గరికి తీసుకెళ్ళమని సైగ చేశాడు. ఆ బామ్మ స్క్రిప్టులో రాసిన ప్రకారం తల పట్టుకుని లాగింది. రాలేదు. కాలు తొట్టికి తన్నిపెట్టి లాగింది. అది రాయనిది, అందరూ మళ్ళీ నవ్వారు. అప్పుడు ఊడింది.

మా బావ మొహం బయటపడింది. నల్లగా కమిలిపోయి, కళ్ళు గుడ్లు తేలేసి, నోరు చెవుల దాకా తెరుచుకుని, నాలుక వేలాడుతూ, దాని మీద పిండి. అందరూ చూస్తుండగా ఆ నోరు ఒకసారి మూసుకుని తెరుచుకుంది. బామ్మ పెట్టిన కేక నిజం కేక. కెమెరా అదంతా తీసుకుంది. ఆ తరువాతే కట్ అన్నారు.

ఆయన చావలేదు. ఆసుపత్రిలో చాలా రోజులున్నాడు. మెదడుకు గాలి అందలేదన్నారు. చెయ్యి వణుకు వచ్చింది, మాటలు వెతుక్కోవాల్సి వచ్చేది, తలుపు వేసిన గదిలో ఉండలేకపోయేవాడు. మొహంలో కదలిక పోయింది. సంతోషమైనా బాధైనా ఒకటే మొహం. మొదటిసారి స్పృహ వచ్చినప్పుడు మా అక్క మంచం పక్కనే ఉంది, నేను కాళ్ళ దగ్గరున్నాను. ఆయన ఆమెను చూడలేదు. నన్ను చూసి, చాలాసేపు వెతుక్కుని, "పడిందా?" అన్నాడు.

మా అక్కకు అర్థం కాలేదు. నాకు అర్థమైంది.  పడిందని చెప్పాను.

డైరెక్టరు పూలగుత్తి పట్టుకుని వచ్చాడు. "నీ మొహం చూపిస్తానని మాటిచ్చానా, నిలబెట్టుకున్నానా లేదా? ఆ షాటు బంగారం. అలాగే ఉంచేస్తున్నా" అన్నాడు. మా అక్క లేచి, "మనిషి పోతుంటే తీసింది సినిమాలో పెడతారా మీరు? మీరు కడుపుకి అన్నమేనా తినేది?" అని అరిచింది. డైరెక్టరు నవ్వు తగ్గించి మా బావకేసి చూశాడు. "ఏమంటావ్? వద్దంటే తీసేస్తా." బావ గబగబా, ఆ వణికే చెయ్యి ఊపేస్తూ, వద్దు, తీయొద్దన్నాడు. నేను ఆ పూలగుత్తిని కిటికీలోంచి విసిరేశాను. నాకు చేతనైంది అంతే.

సినిమాకు అందరం వెళ్ళాం. బావ చీకట్లో కూర్చోలేడు కాబట్టి తలుపు పక్క సీటు తీసుకుని, తలుపు కొంచెం తెరిచి పెట్టించాం. జనం మొదటి నుంచీ విరగబడి నవ్వుతున్నారు. అరటితొక్కకు నవ్వారు, టోపీకి నవ్వారు, తోక ఊడిన ప్రతిసారీ ఈలలు వేశారు. ఒకప్పుడు ఆ బల్లిని చూసి వణికినవాళ్ళే వీళ్ళంతా. కూతురు కూడా పడీ పడీ నవ్వింది. దానికి మేం ఏమీ చెప్పలేదు. స్టూడియోలో నాన్నకు సుస్తీ చేసిందని మాత్రమే దానికి తెలుసు.

తొట్టిలో బల్లి కొట్టుకుంటున్నప్పుడు మా అక్క కళ్ళు మూసుకుంది. నేను మూసుకోలేదు. తల ఊడింది. తెర నిండా మా బావ మొహం, కళ్ళు గుడ్లు తేలేసి. థియేటరు దద్దరిల్లిపోయింది. కొందరు సీట్లలోంచి కిందికి జారి పొట్టలు పట్టుకున్నారు. ఆ నోరు మూసుకుని తెరుచుకున్నప్పుడు ఎవరిదో కీచు గొంతు పెట్టి, "కొట్టకండి బామ్మగారూ, నేను మనిషినే!" అనిపించారు. ఆయన ఇన్నాళ్ళు సాధన చేసిన మాట కూడా ఆయనకు దక్కలేదు.

కూతురు నవ్వుతూ నవ్వుతూ ఆగిపోయింది. తెరకేసి చూసింది, పక్కనున్న నాన్నకేసి చూసింది, మళ్ళీ తెరకేసి చూసింది. బావ దాన్నే చూస్తున్నాడు. తెరను చూడటం లేదు. ఇన్నేళ్ళుగా ఎదురుచూసిన షాటు వచ్చి వెళ్ళిపోతుంటే, ఆయన చూసింది పిల్ల మొహం.

ఇంటికి నడుస్తుంటే అది నాన్న చెయ్యి పట్టుకుంది.  వీధి మలుపులో ఆగి, "నాన్నా, అది నువ్వేనని మా స్కూల్లో ఎవరికీ చెప్పొద్దు" అంది. ఆయన మాట వెతుక్కుని, "సరే తల్లీ" అన్నాడు. వెనక నడుస్తున్న మా అక్క వెక్కిళ్ళు వినబడకుండా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

దాచాల్సిన అవసరమే రాలేదు, ఎవరూ గుర్తుపట్టలేదు. ఆ మొహం ఫోన్లలోకి ఎక్కింది. పరీక్ష పోయినవాడు అదే పంపుతాడు, పెళ్ళాంతో గొడవైనవాడు అదే పంపుతాడు. బనీన్ల మీద కూడా వేశారు. ఒకరోజు నా కుర్చీలో కూర్చున్నవాడు ఫోను చూసి పగలబడి నవ్వి, నాకూ చూపించాడు. బెంచీ మీద నుంచి బావ మెల్లగా, "అది... నేనే" అన్నాడు.

"నువ్వా?" అని వాడు అద్దంలోంచి ఎగాదిగా చూశాడు. "ఏదీ, ఒకసారి పెట్టు."

బావ లేచి నిలబడి ప్రయత్నం చేశాడు. నోరు తెరిచాడు, కళ్ళు పెద్దవి చేశాడు. చెంప ఒకటి కాస్త అదిరిందంతే. "పోనీలే పెద్దాయనా, కూర్చో" అన్నాడు వాడు, జాలిపడి. వాడికి ఆ రోజు కావాలనే మొద్దుబారిన కత్తితో గీశాను. అంతకంటే ఏం చేయను!

ఆ తరువాత మూడో భాగం అన్నారు. ఈసారి ఊరంతటికీ ఆ మొహమే అంటుకుంటుందట, అంటువ్యాధిలా. ఆ మొహం పెట్టగలిగినవాళ్ళు రావచ్చని స్టూడియో వాళ్ళు పిలిచారు. బావ వెళ్తానని పట్టుబట్టాడు, ఎవరు చెప్పినా వినలేదు. నేనే తీసుకెళ్ళాను. ప్రహరీ పొడవునా వరస. అందరూ ఒకరికొకరు ఆ మొహం పెట్టి చూపించుకుంటున్నారు. మా బావ చస్తూ పెట్టిన మొహాన్ని వాళ్ళు బతికుండి అచ్చుగుద్దినట్టు పెడుతున్నారు. లోపల బల్ల వెనక ఎవరో కొత్త అసిస్టెంటు, బావ ఎవరో తెలియదు. నేను చెప్పబోతే బావే నా చెయ్యి పట్టుకుని ఆపాడు. తన మొహం చూసి వాళ్ళంతట వాళ్ళే గుర్తుపట్టాలనుకున్నాడో ఏమో. పెట్టాడు. ఆ అసిస్టెంటు ఓపిగ్గానే చూసి, "మీది సహజంగా లేదండీ" అన్నాడు.

తిరిగి సెలూనుకొచ్చాం. సెలూను తలుపు తీసి నేను చీపురు పట్టుకున్నాను. ఆయన బెంచీ మీద కాకుండా వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. అద్దంలో ఎడమ పక్క నుంచి ఒకసారి, కుడి పక్క నుంచి ఒకసారి చూసుకున్నాడు. గడ్డం లేదు కదా బావా అన్నాను. కొక్కేనికి వేలాడుతున్న తడి తువ్వాలు చూపించాడు.

"అది... మొహానికి కట్టు. గట్టిగా. ముక్కూ నోరూ కూడా."

"ఎందుకు?"

"అప్పుడు... ఆ మొహం వస్తుంది. ఊడదీసి... అద్దంలో చూసుకుంటా. ఎలా పెట్టానో... నేర్చుకుంటా."

నేను చీపురు పట్టుకుని ఒక అడుగు వెనక్కి వేశాను.  ఆయన నాకు భయం వేసిందనుకున్నాడు. వణికే చేతిని కుర్చీ చెయ్యి మీద పెట్టి, పని నేర్పే మనిషిలా నిదానంగా చెప్పాడు.

"భయం లేదురా. ఊపిరాడకపోతే... ఇలా రెండుసార్లు కొడతా. నువ్వు నా చెయ్యి చూస్తూ ఉండు."

కొట్టి కూడా చూపించాడు. ఠప్, ఠప్. నేను తువ్వాలు తీసుకెళ్ళి బయట తీగ మీద ఆరేసి వచ్చాను. ఆయన ఇంకా అద్దంలో చూసుకుంటూ, నా కోసం కాచుకుని కూర్చునే ఉన్నాడు.